పాటయు పుటయు: సాంగ్‌బర్డ్ పై నొక విమర్శ

పాటను వినుట యొకటి. పాటను గూర్చి వినుట మఱియొకటి. హరికథ చెప్పు దాసు ఈ రెంటిని విడదీయడు. చిడతలు చేతబట్టి కీర్తన నెత్తుకొనును. నడుమ నిలిపి దాని నెవరు రచించిరో, ఏ సందర్భమున రచించిరో, అందలి కఠినమైన మాట కర్థమేమో చెప్పును. మఱల పాట నందుకొనును. శ్రోత ఇంటికి పోవునప్పుడు పాటతోపాటు పాట వెనుకనున్న మాటను గూడ తీసికొనిపోవును. గ్రామఫోను వచ్చిన పిమ్మట ఈ బంధము సడలినది. రికార్డు నడుమ అంటించిన గుండ్రని కాగితముపై పాట పేరు, పాడినవారి పేరు, కంపెనీ గుర్తు మాత్రము మిగిలినవి. పాట ఫైలుగా మాఱి కంప్యూటరులోనికి వచ్చునప్పటికి ఆ కాగితము కూడ ఊడిపోయినది. 2006లో అమెరికాలో వెలువడిన ‘సాంగ్‌బర్డ్’ అను సాఫ్ట్‌వేరు తెగిన ఈ బంధమును మఱల ముడివేయ యత్నించినది. 2013లో ఆ యత్నము ముగిసినది. దాని గుణదోషములను, కర్ణాటక రాష్ట్రము తుమకూరు జిల్లాయందలి పావగడ తాలూకా తెలుగు శ్రోత చెవితోను కంటితోను పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

అమెరికాలో పుట్టిన సాఫ్ట్‌వేరునకును పావగడకును సంబంధమేమని చదువరులకు శంక కలుగవచ్చును. భూపటమును చూచినచో పావగడ తాలూకా చాలవఱకు ఆంధ్ర భూమిచేత చుట్టబడియుండును. తుమకూరునుండి పోవువారు నడుమ మడకశిర ప్రాంతమును దాటవలసియుండును. నాగలమడికె చెంత ఉత్తర పినాకిని ప్రవహించును. కార్యాలయముల భాష కన్నడము, అంగడి పలకలపై అక్షరము కన్నడము. ఇంటిలో, పొలములో, సంతలో వినబడు మాట మాత్రము అనంతపురపు తెలుగునకు తోబుట్టువైన తెలుగు. ఇచ్చటి పిల్లవాడు రెండు లిపులను నేర్చును. రెండు భాషల పాటలను ఒకే చెవితో వినును. అయితే తెలుగు పాటల పుస్తకము కావలెనన్న హిందూపురమో అనంతపురమో పోవలసినదే. విజయవాడలో నున్నవానికి పాటను గూర్చి చెప్పుటకు పత్రికలు, గ్రంథాలయములు, సభలు, పెద్దలు కలరు. పావగడవానికి ఇంటర్‌నెట్ రాకతోనే ఆ తలుపు కొంత తెఱచుకొన్నది. వెదకుట, వినుట, చదువుట అను మూడు పనులు ఒకేచోట జరుగునని చెప్పిన పరికరము, అందుచేత, విజయవాడకంటె పావగడకే యెక్కువ వర్తించును.

సాంగ్‌బర్డ్ అనగా పాడు పిట్ట. దీనిని రూపొందించినది సాన్‌ఫ్రాన్సిస్కోలోని ‘పయొనీర్స్ ఆఫ్ ది ఇనెవిటబుల్’ అను సంస్థ. తప్పక రానున్నదానికి దారితీయువారని ఆ పేరున కర్థము చెప్పవచ్చును. పేరునందున్న ధీమా సంస్థను నిలుపజాలలేదు. స్థాపకుడు రాబ్ లార్డ్. ఈయన 1993లో ‘ఇంటర్‌నెట్ అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ ఆర్కైవ్’ను నెలకొల్పినవారిలో ఒకరు. రికార్డు కంపెనీల ఆదరణకు నోచుకొనని గాయకులు తమ పాటలను నేరుగా లోకమునకు వినిపించుట కేర్పడిన తొలి తావులలో అది యొకటి. తరువాత విన్‌ఆంప్ అను ప్రసిద్ధ పాటల ప్లేయరును తయారుచేసిన నల్‌సాఫ్ట్ సంస్థలో ఆయన పనిచేసిరి. ఈ పూర్వచరిత్రను మఱువరాదు. కంపెనీ లేని గాయకునికి శ్రోతను సంపాదించవలెనన్న తలంపు, ప్లేయరు నిర్మాణమందలి అనుభవము, ఈ రెండును కలిసిన చోట సాంగ్‌బర్డ్ పుట్టినది.

తొలి ప్రతి 2006 ఫిబ్రవరిలో వెలువడినది, 1.0 ప్రతి 2008 డిసెంబరు 2వ తేదీన వెలువడినది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు ఏ మొజిల్లా పునాదిపై నిలిచినదో ఆ పునాదిపైననే, జూల్‌రన్నర్ అను సాధనముతో, దీనిని కట్టిరి. పాటను మ్రోగించు పని 1.0 నాటికి జీస్ట్రీమర్ అను మఱియొక ఉచిత సాధనము వహించినది. సోర్సు కోడును జీపీఎల్ లైసెన్సు క్రింద బహిరంగముగా నుంచిరి. అనగా ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని అదే నియమముతో ఇతరులకు పంచవచ్చును.

ఇక దాని నడవడి. అప్పటి యితర ప్లేయర్లు కంప్యూటరులో నున్న పాటలను మాత్రము చూపెడివి. కొన్ని తమ దుకాణమును మాత్రము చూపెడివి. సాంగ్‌బర్డ్ కిటికీలో పై భాగమున బ్రౌజరు ఉండెను. ఏ వెబ్ పుటనైనను అందులో తెఱువవచ్చును. ఆ పుటలో ఎంపీ3 ఫైళ్లకు లింకులున్నచో సాంగ్‌బర్డ్ వానిని తానే పసికట్టి, క్రింద నొక పట్టికగా పేర్చి చూపెడిది. శ్రోత పుటను చదువుచునే పాటను వినవచ్చును. నచ్చినచో తన సంగ్రహములోనికి దింపుకొనవచ్చును. ఆ పుటకు చందాదారుడై క్రొత్త పాట వచ్చినపుడెల్ల తెలిసికొనవచ్చును. పుస్తకములోని పుటయే పాడుచున్నట్లుండెడిది. ఇది సామాన్యమైన ఊహ కాదు. పాట యున్న చోటికే శ్రోతను తీసికొనిపోవుట యిందలి విశేషము. ఆ చోటున పాటతోపాటు దానిని సేకరించినవాని మాటలుండును, కారణముండును, ఒకప్పుడు పొరపాటును తప్పుబట్టిన మఱియొకరి పలుకుండును. దాసుగారి వ్యాఖ్యానము వలె ఇవన్నియు పాటకు పరివారము.

ఇంతకంటె మెచ్చదగినది మఱియొకటి కలదు. వెబ్ పుటనుండి దింపుకొన్న పాటతోపాటు అది ఏ పుటనుండి వచ్చినదో ఆ చిరునామాను గూడ సాంగ్‌బర్డ్ తన సంగ్రహములో దాచెడిది. పాట వరుసలో నొక గడిని నొక్కినచో ఆ మూలపుటకు మఱల పోవచ్చును. తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి ఈ గడి విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. ప్రతి ఏ ఊరినుండి, ఎవరి ఇంటినుండి వచ్చినదో వ్రాసియుంచని పాఠమునకు ప్రామాణ్యము తక్కువ. పాటల ప్లేయరులో ఈ సంస్కారము కనబడుట అపూర్వము; తరువాతి ప్లేయర్లలో ఇది కనబడకపోవుట విచారకరము.

గుణము నింత చెప్పిన పిమ్మట దోషములను దాచుట విమర్శకు తగదు.

మొదటిది చూపునకు సంబంధించినది. ఎంపీ3 లింకు తిన్నగా కనబడిన పుట మాత్రమే సాంగ్‌బర్డునకు పాటలున్న పుట. కాని ఆ సంవత్సరములలో తెలుగు పాటలను విరివిగా వినిపించిన మ్యూజిక్ ఇండియా ఆన్‌లైన్, రాగా వంటి తావులు రియల్‌ప్లేయరునకు తగిన రూపమున పాటలను ప్రవహింపజేసెడివి. వేలకొలది పాటలున్న అట్టి పుటను సాంగ్‌బర్డులో తెఱచినను, క్రింద పట్టిక ఏర్పడుట కక్కడ ఎంపీ3 లింకులు లేవు. దోషము సాంగ్‌బర్డుది కాదు. ఆ తావులు హక్కులను, వ్యాపారమును కాపాడుకొనుటకు ఎన్నుకొన్న దారి యది. ఫలితము మాత్రము తెలుగు శ్రోతకే. బహిరంగమైన పరికరము బహిరంగమైన పుటలున్నచోటనే పనిచేయును. అట్టి పుటలు తెలుగులో కొన్ని లేకపోలేదు. 1998లో ప్రారంభమైన ‘ఈమాట’ పత్రిక ‘శబ్దతరంగాలు’ అను శీర్షికతో పాత రేడియో నాటకములను, ప్రసంగములను, పాటలను, వాని పుట్టుపూర్వోత్తరములు తెలుపు మాటలతో సహా వినిపించినది. సాంగ్‌బర్డ్ నిర్మాతలు ఎట్టి పుటను ఊహించి తమ పరికరమును కట్టిరో అట్టి పుట యిది. ప్రవాసాంధ్రులు నడుపు పత్రిక ఈ పనిని చేసినదన్న సంగతిని పావగడవంటి చోట్లనున్నవారు గమనింపవలసియున్నది. స్వరాష్ట్రమునకు వెలుపల నున్నవారికే భద్రపఱచుకొనవలెనన్న తపన యెక్కువ కాబోలు.

రెండవ దోషము గాఢమైనది. సాంగ్‌బర్డ్ ఒక్కదానిది కూడ కాదు. ఎంపీ3 పాటకు పేరుపట్టీ ఏర్పఱచిన పద్ధతిని ఐడీ3 అందురు. 1996లో వచ్చిన దాని తొలిరూపమున పట్టీ అంతయు 128 బైట్లు. పాట పేరునకు 30, గాయకునికి 30, ఆల్బమునకు 30. సంగీతపు జాతిని మాటతో వ్రాయరాదు. ముందుగా నిర్ణయించిన 80 జాతుల పట్టికనుండి ఒక సంఖ్యను ఏఱుకొనవలెను. ఆ పట్టికలో పోల్కా నృత్యమునకు 75వ సంఖ్య కలదు. రాక్ సంగీతమునకు పలువిధములైన పేర్లు కలవు. కర్ణాటక సంగీతమునకు లేదు, హిందూస్థానీకి లేదు, హరికథకు, కోలాటమునకు, తత్త్వమునకు అసలే లేదు. 48వ సంఖ్య ‘ఎత్నిక్’. అనగా ఏదో యొక జాతివారి సంగీతము. త్యాగరాజ పంచరత్నములును, నాగలమడికె తిరునాళ్ల చెక్కభజనయు, ఆఫ్రికా డోలును ఈ ఒక్క సంఖ్య క్రింద చేరవలసినదే. తరువాతి రూపములలో జాతిని మాటలతో వ్రాసికొను వీలు కలిగినది. కాని తొలి పట్టిక నేర్పిన అలవాటు చాలకాలము పోలేదు.

సాంగ్‌బర్డ్ సంగ్రహమును తెఱచినప్పుడు తొలుత కనబడు మూడు గడులు జాతి, కళాకారుడు, ఆల్బము. పాశ్చాత్య గాయకుడు తానే వ్రాసి, తానే వరుస కట్టి, తానే పాడి, పదిపన్నెండు పాటలను ఒక పళ్లెముగా వెలువరించు పద్ధతికి ఈ మూడు గడులు చక్కగా సరిపోవును. తెలుగు పాటకు సరిపోవు. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలనే తీసికొనుడు. రచయిత పింగళి నాగేంద్రరావు. సంగీతము ఘంటసాల. కాని అందు నాలుగు పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావు కూర్చినవి. ఆయన విరమించుకొన్న పిమ్మట ఘంటసాల వానికి వాద్యగోష్ఠి నమర్చి రికార్డు చేసిరి, తక్కిన వరుసలను తామే కట్టిరి. పాడినవారు ఘంటసాల, పి. లీల మొదలగువారు. ఇక కళాకారుడెవరు? గాయకుని వ్రాసినచో పింగళి మాయమగును; ఘంటసాల పేరు రెండు హోదాలలోను ఒక్కటే యగుటచే ఆయన పాడినదేదో కూర్చినదేదో తెలియదు; సాలూరి ఎక్కడను కనబడరు. న్యాయము చెప్పవలెనన్న, ఐడీ3 రెండవ రూపమున స్వరకర్తకు, గీతకర్తకు వేఱు గడులు కలవు. సాంగ్‌బర్డ్ కూడ వానిని ఎఱుగును. అయితే ముందుగా కనబడని గడిని నింపువారెవరు? ఇంటిలో అటకమీద నున్న పాత్ర వంటకు రాదు.

పావగడలో ఈ చిక్కునకు మఱియొక మడత కలదు. కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్ కన్నడములో రాజ్‌కుమార్‌కు గొంతునిచ్చిరి, తెలుగులోను పాడిరి. బాలసుబ్రహ్మణ్యముగారి సంగతి చెప్పనే అక్కఱలేదు. కళాకారుని పేరుమీద పాటలను గుదిగ్రుచ్చినచో రెండు భాషలు ఒకే పట్టికలో పడును. విను చెవికి ఇబ్బంది లేదు. పావగడ చెవి రెంటికిని అలవడినదే. తెలుగు పాటను ఏఱి పిల్లలకు వినిపింపవలె ననుకొన్న ఉపాధ్యాయునికి మాత్రము పని పెరుగును.

ఇక అక్షరము. ఐడీ3 తొలిరూపము రోమను లిపికొఱకు ఏర్పడినది. నియమమును మీఱి అందులో యూటీఎఫ్-8 పద్ధతిని తెలుగు వ్రాసినచో ఒక్కొక్క తెలుగు గుర్తుకు, అనగా అక్షరమునకు వేఱుగా, గుణింతపు గుర్తుకు వేఱుగా, మూడేసి బైట్లు పట్టును. ‘పావగడ కోలాటము’ అని పాట పేరు వ్రాయుదము. పావగడ అను మాటలో ఐదు గుర్తులు, 15 బైట్లు. నడుమ ఖాళీకి ఒకటి. కోలాటములో ఏడు గుర్తులు, 21 బైట్లు. మొత్తము 37. గడి ముప్పదియే. మిగిలిన పేరు ‘పావగడ కోలా’ అనియు, దానివెంట ముక్కలైన టకారపు రెండు బైట్లును. కోలాటము కాస్త దుకాణపు సీసా పానీయమైనది! 1999లో వచ్చిన రెండవరూపపు 2.3 ప్రతి యూటీఎఫ్-16 పద్ధతిని అనుమతించుటతో ఈ నిర్బంధము తొలగినది. సాంగ్‌బర్డ్ ఆ పట్టీలను చదువనేర్చినదే. అయినను తెలుగు పాటలను లోకములోనికి వదలినవారు పేర్లను రోమను లిపిలోనే వ్రాయుట మానలేదు. పరికరము చేతనున్నప్పుడు కూడ వాడనివారిని నిర్బంధించిన దెవరు?

ఇది చిన్న సంగతి కాదు. పావగడ తాలూకాలో బడి విడిచిన పిల్లవానికి తెలుగు అక్షరము కంటబడు తావులు కొద్ది. బస్సు పలకపై లేదు, రేషను కార్డుపై లేదు, వీధి పేరులో లేదు. పాట మాత్రము నిత్యము కలదు. ఆ పాట పేరు తెఱపై తెలుగున కనబడినచో నేర్చిన లిపి మఱుపునకు రాక నిలుచును. రోమనులో కనబడినచో పాట చెవిలో తెలుగుగానే యుండి కంటికి మాత్రము తెలుగు కాకపోవును. మాతృభాషను విని, పలికి, చదువలేనివాడగుటకు ఇంతకంటె సులువైన మార్గము లేదు.

ఇచ్చట బహిరంగమైన కోడు చేయదగిన మేలొకటి కలదు. యూనికోడులో తెలుగు భాగమునకు వెంటనే కన్నడ భాగము వచ్చును. రెంటిలోను సమానమైన అక్షరము సమానమైన స్థానమున కూర్చుండును; భేదము 128 మాత్రమే. తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ సంఖ్య 3221. ఒకదానిలో లేని గుర్తులు మఱొకదానిలో కొన్ని యున్నను, పాట పేరును ఒక లిపినుండి మఱొక లిపికి మార్చుటకు కూడిక వచ్చిన పిల్లవాని లెక్క చాలును. సాంగ్‌బర్డునకు ఎవరైనను చేర్పులు వ్రాయవచ్చును; గాయకుని కచేరీల తేదీలు చూపు చేర్పులుండెను, రూపమును మార్చు ‘ఫెదర్స్’ అనగా ఈకలుండెను. పాట పేరును తెలుగులోను కన్నడములోను పక్కపక్కన చూపు చిన్న చేర్పు పావగడ, ముళబాగిలు, బళ్లారి ప్రాంతముల ఇంటింటికి పనికివచ్చియుండెడిది. కన్నడము చదువు తల్లియు తెలుగు చదువు బిడ్డయు ఒకే పాట పేరును చూచియుందురు. మూసిన కోడుగల ప్లేయరులో ఇది కోరికగానే మిగులును, కంపెనీ దయకై వేచియుండవలెను. తెఱచిన కోడులో ఇది కొన్ని దినముల పని.

చేర్పులలో ‘మ్యాష్‌టేప్’ అను దానిని గూర్చి కొంత చెప్పవలెను. ఏ పాట మ్రోగుచున్నదో ఆ పాట గాయకుని జీవితవిశేషములు, వార్తలు, ఛాయాచిత్రములు, వీడియోలు ఇంటర్‌నెట్‌లో పలుచోట్లనుండి ఏఱితెచ్చి క్రింద చూపుట దాని పని. దాసుగారి వ్యాఖ్యానమునకు యంత్రరూపమని దీనిని మెచ్చుకొనవచ్చును. అయితే ఈ యంత్రదాసు పేరును మాత్రమే ఎఱుగును, మనిషిని ఎఱుగడు. ఘంటసాల అని వ్రాసినచో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి చిత్రము రావచ్చును. కృష్ణా జిల్లాలో బౌద్ధస్తూపమునకు ప్రసిద్ధమైన ఘంటసాల గ్రామపు చిత్రమును రావచ్చును. రోమను లిపిలో ఆ పేరును నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. ఒక్కొక్క వ్రాతకు ఒక్కొక్క ఫలితము. తెలుగున వ్రాసినచో ఒకే రూపము. కాని నాడు ఆ రూపముతో వెదకిన దొరకునది స్వల్పము. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమై క్రమముగా ఈ కొఱతను కొంత తీర్చినది. పట్టీలో ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’, అజ్ఞాత కళాకారుడు, అని యున్న పాటకు మాత్రము ఏ వ్యాఖ్యానము రాగలదు?

సాంగ్‌బర్డ్ పతనమును సంక్షేపముగ చెప్పుదును గాక యని విడిచిపెట్టుటకు వీలులేదు. అందొక పాఠము కలదు. సంస్థ పెట్టుబడిదారుల ధనముతో నడచినది. ధనము పెట్టినవారు లాభము కోరుదురు. ఉచితముగా నిచ్చిన ప్లేయరునకు లాభము ఎటనుండి వచ్చును? పాటలమ్ము దుకాణముతో పొత్తు కుదుర్చుకొనిరి. ఫిలిప్స్ సంస్థ చేతి ప్లేయర్లకు తోడుగా నిచ్చుట కొప్పందము చేసికొనిరి. 2010 ఏప్రిలులో లినక్స్ ప్రతిని ఇక తయారుచేయమని ప్రకటించిరి. తెఱచిన కోడును నమ్మి తొలుత దరిజేరినవారు లినక్స్ వాడుకరులు; మొదట దింపివేయబడినవారును వారే. డబ్బిచ్చి విండోసును కొనలేని బడికి లినక్స్ తప్ప దిక్కులేదు; పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఉచిత సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు విద్యను నడపినవి. అట్టి బడులలో పాటలపుటను తెఱువదగిన పరికరము అట్లు చేజారినది. 2013 జూన్ 28వ తేదీన సంస్థయే మూతపడినది.

కోడు మాత్రము చావలేదు. లినక్స్ ప్రతి నిలిచిపోగానే కొందఱు స్వచ్ఛందముగా పూనుకొని దాని శాఖ నొకదానిని ‘నైటింగేల్’ అను పేర కొంతకాలము నడిపిరి. పిట్ట పేరుతో మొదలైనదానికి పిట్ట పేరే. ఈ పిట్టను తెలుగు కవులు కొందఱు కోకిల యని అనువదించిరి, అది తప్పు. కోకిల వేఱు, నైటింగేల్ వేఱు. ఆ పిట్ట తెలుగునాట కూయదు. కోకిల తన గ్రుడ్డును కాకి గూటిలో పెట్టును. ఈ కథలో గూడు కట్టినది మొజిల్లా. ఆ గూడే తరువాత విప్పబడినది. జూల్‌రన్నరును మొజిల్లా విడిచిపెట్టినది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో ఆ పాత పద్ధతి చేర్పులకు కాలము చెల్లినది. కోడు అందఱిది యైనంత మాత్రమున దానిని పోషించువారు పుట్టుకొని వత్తురనుట భ్రమ. ఊరుమ్మడి చెఱువునకు పూడిక తీయు దినము ఒకటి యుండవలెను. అందఱిదని ఊరకున్నచో తుమ్మ మొలచును.

సాంగ్‌బర్డ్ ఊహించినది నేడు మఱొక రూపమున నెరవేరినదని వాదించువారు కలరు. యూట్యూబులోను, 2019లో భారతదేశమునకు వచ్చిన స్పాటిఫైలోను, వెదకుటయు వినుటయు ఒకేచోట జరుగుచునే యున్నవి. వాదము పైపై సత్యము. సాంగ్‌బర్డులో శ్రోత ఏ పుటకైనను పోగలడు. ఇక్కడ కంపెనీ చూపిన పుటలోనే తిరుగును. అక్కడ పాట వచ్చిన చోటు వ్రాయబడియుండెను. ఇక్కడ తరువాత ఏమి వినవలెనో చెప్పబడును, ఇది ఎక్కడనుండి వచ్చినదో చెప్పబడదు. శ్రోత సంగ్రహము శ్రోత చేతిలో లేదు. ఒప్పందము ముగిసిన పాట ఒక ఉదయమున పట్టికనుండి మాయమైనను అడుగుటకు హక్కులేదు.

ఇంతవఱకు పరికరమును విమర్శించుట జరిగినది. పావగడ వైపునుండి మఱొక మాట మిగిలియున్నది. సాంగ్‌బర్డ్ ఎంత తెలివిగలదైనను ఎవరో వ్రాసిన పుటనే చదువును. చింతామణి తాలూకా కైవారములో వెలసిన నారాయణ యోగి, జనులు తాతయ్య యని పిలుచు అమరనారేయణుడు, కర్ణాటక భూమిలో నుండి తెలుగున తత్త్వములు చెప్పిన మహనీయుడు, కన్నడమునను చెప్పెను. ఆయన తత్త్వమును భజన మేళము పాడినప్పుడు ఎవరో ఫోనులో పట్టుకొందురు. ఫోను ఆ ఫైలునకు తేదీని, ఒక సంఖ్యను పేరుగా పెట్టును. అదే పేరుతో అది పదిమందికి పోవును. రచించినవాని పేరు అందులో లేదు. పాడినవారి ఊరు లేదు. తాళము మార్చిన పెద్ద యెవరో లేదు. ఇరువది సంవత్సరముల పిమ్మట అది వినువానికి ‘అజ్ఞాత కళాకారుడు’. ఐడీ3 నలుబదియెనిమిదవ సంఖ్య చేసిన అన్యాయమునకును ఈ నిర్లక్ష్యమునకును ఫలితములో భేదము లేదు. మొదటిదానిని అమెరికావారు తెలియక చేసిరి.

తిరుమణి ప్రాంతమున ఐదు గ్రామముల భూములు సుమారు 13,000 ఎకరములు కౌలునకు తీసికొని, 2018లో ప్రారంభమైన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమును నెలకొల్పిరి. ఫోనునకును కంప్యూటరునకును విద్యుత్తు కొఱతయని ఇక చెప్పవలసినది తక్కువ. వేరుసెనగ కలుపు తీయు పొలమున అద్దపు పలకలు నిలిచినచోట కలుపుపాటకు సందర్భము లేదు. సందర్భము పోయిన పాట ముసలివారి నోట కొంతకాలముండును. దానిని రికార్డు చేయుట నేడు ఎవరికైనను అలవియే; ఏ పొలమున, ఏ పంటకు, ఎవరు ముందెత్తుకొనగా ఎవరు అందుకొనిరో అదేదినమున ఒక పుటలో తెలుగక్షరములతో వ్రాయుట మాత్రము యంత్రము చేయదు.

నైటింగేలు సంగ్రహములో పాట వచ్చిన పుటను తెలుపు గడి సాంగ్‌బర్డునుండి సంక్రమించినది. ‘ఈమాట’ పుటనుండి దింపుకొన్న రేడియో నాటకమునకు ఆ గడి నిండును. తిరుమణిలో ఫోనున పట్టిన కలుపుపాటను చేర్చినచో పాట చక్కగానే మ్రోగును. గడి ఖాళీగా నుండును.